కళ్ళు పోయిన ఫైలు

పుంగనూరు మునిరాజకు చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. కళ్ళు గీయని అమ్మవారు చూస్తుందా, చూడదా? చూడదు అనుకుంటే, గొర్లగుట్టపల్లె జనం ఇన్నేళ్ళూ ఆమె ముందు నిలబడి చెప్పుకున్న కష్టాలు ఎవరికి చెప్పుకున్నట్టు? చూస్తుంది అనుకుంటే, ఇక తాను పోయి కళ్ళు గీయాల్సిన పనేముంది? రెండో సమాధానమే అతనికి సౌకర్యంగా ఉండేది. అందుకే దాన్ని నమ్మడానికి భయపడేవాడు.

గొర్లగుట్టపల్లె పెద్దపంజాణి పక్కన ఉంటుంది. అక్కడ గుట్ట గంగమ్మ గుడి అంటే మూడు గోడలు, పైన ఒక రేకు. వెనక గోడ మీద అమ్మవారి బొమ్మను మునిరాజే గీశాడు. అప్పట్లో అతను కుంచె పట్టిన పెయింటరు. పసుపు ముఖం, ఎర్ర నాలుక, ముక్కెర, వేపమండల కిరీటం, అన్నీ కుదిరాయి. కళ్ళు మాత్రం చివర పెట్టాలి. ఆ ఊరి ఆచారం ప్రకారం మంగళవారం నాడు, తలస్నానం చేసి, మూతికి గుడ్డ కట్టుకుని పెయింటరు కళ్ళు గీయాలి. గీసేటప్పుడు ఎదురుగా ఒకరు అద్దం పట్టుకుని నిలబడాలి. కొత్తగా తెరుచుకున్న కళ్ళ మొదటి చూపును మనుషులు తట్టుకోలేరు గనక అది అద్దంలో అమ్మవారి మీదే పడాలి. అద్దం పట్టిన ఇంటికి ఆ తర్వాత ఊళ్ళో ఏ శుభకార్యం జరిగినా మొదటి తాంబూలం.

ఆ అద్దం దగ్గరే పని ఆగింది. ఊరి పెద్దలు ఇద్దరు. మల్లప్ప బీరువా తలుపుకున్న నిలువుటద్దం ఊడదీయించి గుడికి మోయించాడు. గంగులప్ప మదనపల్లెకు పోయి క్షౌరశాలల్లో పెట్టే అద్దం కొనుక్కొచ్చాడు. రెండు అద్దాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. అందులో ఒకటి తొలగితే తప్ప కళ్ళు తెరవడం కుదరదని ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చారు. ఆ ఊళ్ళో వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే.

గుడి ఊడ్చి దీపం పెట్టే ఈరమ్మ, మునిరాజ తిరిగి వెళ్ళిపోతుంటే పిలిచి, కళ్ళ పనికని ఆకువక్క చేతిలో పెట్టింది. అతను అక్కడే నమిలాడు. ఆకువక్క పుచ్చుకున్నాక పని బాకీ పడ్డట్టే. పంచాయతీ తేలలేదు. ఈలోపల ఫ్లెక్సీలు వచ్చాయి, కుంచెలు ఎండిపోయాయి, మునిరాజ కంప్యూటరు ముందు కూర్చుని ఎలుకతో బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు. పుట్టినరోజులకూ కర్మాంతరాలకూ ఒకే మాదిరి నవ్వుతున్న ముఖాలతో ఫ్లెక్సీలు వేసి ఇంత గౌరవంగా బతుకుతున్నాడు.

సంతకు వచ్చినప్పుడల్లా ఈరమ్మ అతని అంగడి ముందు ఆగేది.

"మునిరాజప్పా, మాయమ్మకు కండ్లెప్పుడు పెడతావప్పా?"

"అద్దం సంగతి తేలనీమ్మా."

"ఆకువక్క నమిలేటప్పుడు అద్దం అడిగితివా?"

ఈ మధ్య ఆమె అంగడి మెట్టును కాలితో తడుముకుని ఎక్కుతోంది. రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. ఆపరేషన్ చేయించుకుంటే చూపు వస్తుందని డాక్టర్లు చెప్పారు. కొడుకు ఆటో మాట్లాడాడు. ఈమె ఎక్కనంది.

"యాలమ్మా ఎక్కవు?" అని మునిరాజ అడిగాడు.

"మాయమ్మకు లేని సూపు నాకెందుకప్పా? ముందు ఆయమ్మకు రానీ. ఆ పైన నాకు."

ఆ మాట అంటూ ఆమె చూసింది మునిరాజ వైపు కాదు, పక్కనున్న ప్రింటరు వైపు. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

ఇలా ఉండగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల మీదికి ఒక మహోపకారం వచ్చి పడింది. దాని పేరు గ్రామదేవతల గుర్తుల ఏకీకరణ పథకం. జాతరలకు వచ్చే భక్తులు దారి తప్పకుండా ఫోనులో ఒక పటం ఉంటుంది. పటంలో ప్రతి అమ్మవారికీ గోరంత గుర్తు ఉంటుంది. తాతల కాలం నుంచి భక్తులు తమ ఊరి గుడికి దారి తెలియక ఎంత అవస్థ పడుతున్నారో ఈ పథకం వచ్చేదాకా భక్తులకే తెలియదు. గుర్తు లేని జాతరకు ప్రత్యేక బస్సు రాదు, నీళ్ళ ట్యాంకరు రాదు, మైకుకు అనుమతి రాదు. ఎండాకాలంలో గుట్ట మీద మనుషులకూ గొర్రెలకూ ట్యాంకరే ఆధారం గనక గొర్లగుట్టపల్లె భక్తి ఒక్కసారిగా గుర్తు వైపు మళ్ళింది. గుర్తు గీసే భారం, గోడ మీద బొమ్మ గీసినవాడు గనక, మునిరాజ మీద పడింది.

ఆ పథకం నడిపే కమిటీ సమన్వయకర్త చెంగయ్యగారు మదనపల్లెలో ప్రారంభోపన్యాసం చేశారు. ఆయన గుర్తులు గీసే పద్ధతి గురించి ఆ రోజు ఉదయమే తెలుసుకున్నారు గనక చాలా స్పష్టంగా చెప్పగలిగారు.

"మామూలు బొమ్మ రంగు చుక్కల పోగు. పెద్దది చేస్తే అలుక్కుపోతుంది. వెక్టరు బొమ్మ అలా కాదు. అందులో బొమ్మే ఉండదు, ఎక్కడ నుంచి ఎక్కడికి గీత లాగాలో చెప్పే ఆజ్ఞలు ఉంటాయి. ఆవగింజంత చేసినా, ఆకాశమంత చేసినా చెదరదు. సోదరులారా, ఇది అమ్మవారి లక్షణం కాదా?"

చప్పట్లు మోగాయి. మునిరాజ కూడా కొట్టాడు. మాట అతనికి నిజంగానే నచ్చింది.

చిక్కల్లా ఏమిటంటే, చెదరని ఆ బొమ్మ గీసిన సాఫ్ట్‌వేరులో మాత్రమే చెదరదు. మదనపల్లె వాళ్ళు నెలనెలా చందా కట్టే సాఫ్ట్‌వేరు వాడతారు. చందా కడుతున్నారు గనక అదే శ్రేష్ఠం. పుంగనూరులో ఫ్లెక్సీ అంగళ్ళన్నీ వాడేది ఇరవై ఏళ్ళ నాటి పాత సాఫ్ట్‌వేరు. అది ఎవరి ద్వారా ఊళ్ళోకి వచ్చిందో ఎవరికీ తెలియదు, అడగడం మర్యాద కాదు. మునిరాజ ఏటా ఆయుధపూజకు దాని ఎలుకకు కుంకుమ పెడతాడు. కుప్పం తరఫున వచ్చిన రేఖ శాంతిపురం అమ్మాయి, బెంగళూరుకు రైల్లో పోయి వచ్చే ఉద్యోగి. ఆమె ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరులో ఎలక్ట్రానిక్ పలక మీద పెన్నుతో గీస్తుంది. ఉచితం గనక దానికి విలువ లేదని మదనపల్లె, కొత్తది గనక దానికి అనుభవం లేదని పుంగనూరు తీర్మానించాయి. ముగ్గురి ఫైళ్ళూ పథకం పోర్టల్ కోరిన ఫార్మాటులోకి మారాలి. మార్చేది ఎవరి సాఫ్ట్‌వేరు అన్నదాని మీద జరిగిన చర్చ వింటే, నామం నిలువుగా పెట్టాలా అడ్డంగా పెట్టాలా అని వాదించుకున్న పాతకాలపు పెద్దలు ఎంత సౌమ్యులో అర్థమవుతుంది.

మునిరాజ గుర్తు గీశాడు. పసుపు ముఖం, నాలుక, ముక్కెర, వేపాకులు. కళ్ళు పెట్టలేదు. అది అతను మరిచిన సంగతి కాదు, ముట్టకూడని సంగతి. గోడ మీదే తెరవని కళ్ళను, చెప్పులేసుకుని జనం తిరిగే అంగట్లో, అద్దం లేకుండా, ఎలుకతో ఎలా తెరుస్తాడు? అందుకని ఫైలులో కళ్ళ కోసం విడిగా ఒక పొర పెట్టి, దానికి "కళ్ళు" అని పేరు రాసి, ఖాళీగా ఉంచి పంపాడు. పద్ధతి తెలిసినవాడు ఎవడైనా అంతే చేస్తాడని అతని నమ్మకం.

ఫైలు మదనపల్లెలో తెరుచుకుంది. పసుపు ముఖం పట్టీలు పట్టీలుగా చీలి పులి ముఖమైంది. బొమ్మను చిన్నది చేసినప్పుడు గీత మందం తగ్గలేదు గనక ముక్కెర ముఖం కంటే పెద్దదైంది. కింద రాసిన ఊరి పేరు వరుస డబ్బాలైంది. ఇవన్నీ మామూలే అనుకున్నారు. కానీ "కళ్ళు" అనే పొర ఉంది, అందులో కళ్ళు లేవు. అమ్మవారి కళ్ళు దారిలో పోయాయి.

ఫైలును కుప్పం పంపారు. రేఖ చూసి మునిరాజకు ఫోను చేసింది.

"సార్, కండ్ల పొర ఖాళీగా ఉండాది. మీరు పెట్టలేదా, లేక యాడైనా రాలిపోయినాయా?"

"పెట్టలేదమ్మా. మంగళవారం పెట్టాల."

"ఏ మంగళవారం సార్?"

"అద్దం సంగతి తేలినంక."

అవతల రైలు కూత వినిపించింది. రేఖ, "మా అవ్వోళ్ళ ఊర్లో గుమ్మడికాయ పట్టుకుంటారు సార్, అద్దానికి బదులు," అంది. "నేను కమిటీకి ఉన్నదున్నట్టు చెప్తా. వింటారో లేదో."

ఉన్నదున్నట్టు చెప్పింది. కళ్ళు పెట్టనందువల్ల కళ్ళు లేవు అనే వివరణను కమిటీ శ్రద్ధగా విని, అది ఇంత పెద్ద సమస్యకు చాలినంత పెద్ద కారణం కాదని తోసిపుచ్చింది. అప్పటికే నేత్రనష్ట విచారణ ఉపసంఘం ఏర్పడి, దానికి కొత్త కంప్యూటరు, కారు, మధ్యాహ్నం పులిహోర మంజూరయ్యాయి. ఇంత జరిగాక కళ్ళు అసలు పోనేలేదంటే పులిహోరకు సంజాయిషీ ఎవరు చెప్పాలి?

ఉపసంఘం శాస్త్రీయంగా నడిచింది. ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టి, పసుపు గుడ్డలో చుట్టి, ఇద్దరు సభ్యులను తోడిచ్చి కారులో పంపారు. కళ్ళు సరిగ్గా ఏ చోట రాలుతున్నాయో కనిపెట్టడం లక్ష్యం. పుంగనూరులో బయలుదేరే ముందు తెరిచి చూశారు, కళ్ళు లేవు. మదనపల్లెలో లేవు. వెనక్కి తిరిగి కుప్పం పోయి చూశారు, అక్కడా లేవు. నష్టం మూడు పట్టణాలకూ సమానంగా జరిగిందని, ఏ ప్రాంతానికీ అన్యాయం జరగలేదని ఉపసంఘం సంతోషంతో ప్రకటించింది. అయినా పుంగనూరు కళాకారులు మదనపల్లె చందా సాఫ్ట్‌వేరే కళ్ళను మింగిందని ధర్నా చేశారు. కళ్ళంటూ ఉంటే గదా తమ సాఫ్ట్‌వేరు మింగేదని మదనపల్లె వాళ్ళు సవాలు విసిరారు. ఈ సందట్లో బి.కొత్తకోట నుంచి ఒక చిత్రకారుడు పంపిన ఫైలు మాత్రం అన్నిచోట్లా చక్కగా తెరుచుకుంది. ఆరా తీస్తే, అది సెల్‌ఫోనులో తీసిన ఫోటో. దానికి చివర వెక్టరు ఫైలు పేరు తగిలించాడు, అంతే. ఆయనను తొలగించాలా, శిక్షకుడిగా నియమించాలా అన్నది ఇంకా పరిశీలనలో ఉంది.

ఉపసంఘం తుది సమావేశానికి మునిరాజను పిలిచారు. ఆ రోజు చెప్పేయాలని నిశ్చయించుకుని, స్నానం చేసి విభూతి పెట్టుకుని పోయాడు. ఈరమ్మ ప్రింటరు వైపు చూసిన చూపును అతను ఇంకా మరవలేదు. ఈ పంచాయతీ తేలితే గుర్తు తేలుతుంది, గుర్తు తేలితే జాతర జరుగుతుంది, జాతర మంగళవారం. లేచి నిలబడ్డాడు.

"సార్, ఆ కండ్లు నేను..."

"కూర్చోండి మునిరాజగారూ," అన్నారు చెంగయ్యగారు గద్గదస్వరంతో. "సొంత చేత్తో దిద్దిన కళ్ళను పోగొట్టుకున్న కళాకారుడి బాధ ఈ కమిటీకి తెలియదనుకోకండి."

శాలువా కప్పారు. నేత్రనష్ట బాధిత కళాకారుడు అని బంగారు రంగు అక్షరాల జ్ఞాపిక ఇచ్చారు. శాలువా మెత్తగా ఉంది. కప్పినవాళ్ళ ముందే నిజం చెప్పడం అమర్యాద అనిపించింది అతనికి. పులిహోర కూడా బాగుంది.

ఉపసంఘం పరిష్కారం సరళంగా ఉంది. గుట్ట గంగమ్మ కళ్ళు ఏ ఫార్మాటులోనూ నిలవడం లేదు గనక, మిగతా అమ్మవార్లకు మాత్రం కళ్ళుండడం సమానత్వానికి విరుద్ధం గనక, పథకంలోని అమ్మవార్లందరి కళ్ళనూ తొలగించడమైనది. నాలుక ఒక సాఫ్ట్‌వేరులో మీసంలా కనిపిస్తున్నందున నాలుకనూ తొలగించడమైనది. ముక్కెర అదుపు తప్పి పెరుగుతున్నందున ముక్కెరనూ, వేపాకులు మిరపకాయల్లా మారుతున్నందున కిరీటాన్నీ తొలగించడమైనది. పసుపు రంగు పట్టీలుగా చీలకుండా నలుపు వాడడమైనది. చివరికి మూడు పట్టణాల సాఫ్ట్‌వేర్లలోనూ ఒకే రకంగా తెరుచుకునే గుర్తు సిద్ధమైంది. అది ఒక నల్లటి గుండ్రం.

రేఖ దాన్ని పలక మీద పెద్దది చేసి చూసింది, చిన్నది చేసి చూసింది. "చెదరలేదు సార్," అంది. ఆమె ముఖంలో నవ్వు లేదు.

"ఇక అమ్మవారిని ఎక్కడ తెరిచినా అమ్మవారే," అన్నారు చెంగయ్యగారు. ఈసారి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

గుర్తు వచ్చింది గనక గొర్లగుట్టపల్లెకు బస్సు వచ్చింది, ట్యాంకరు వచ్చింది, మైకు వచ్చింది. వీటన్నిటికంటే ముందు బోర్డు వచ్చింది. గుడికి సరిగ్గా ఎదురుగా, గుడి రేకు కంటే ఎత్తుగా, తెల్లటి పలక మీద నల్లటి గుండ్రం. భక్తులు ఫోనును బోర్డు వైపు చూపి, గుర్తు పట్టించి, నీళ్ళకూ ప్రసాదానికీ టోకెన్ పొందాలి. జాతర మంగళవారం పొద్దున బోర్డుకు పట్టుబట్ట కప్పి ఉంది. దాన్ని ఎవరు తీయాలి? బోర్డు ఆవిష్కర్త ఫోటో ఫోనులోని పటంలో ఉంటుందని ఎవరో చెప్పారు. మల్లప్ప బట్టకు ఒక కొస పట్టుకున్నాడు, గంగులప్ప రెండో కొస పట్టుకున్నాడు. బీరువా అద్దం, సెలూన్ అద్దం ఎక్కడున్నాయని కూడా ఎవరూ అడగలేదు.

"వదలప్పా మల్లప్పా, బట్ట చినుగుతాది."

"చినిగితే చినగనీ. నీ మూతి పటంలో పడితే జనాలు ఈ ఊరికే రారు."

ఊరంతా అటే చేరింది. గుడిలో ఈరమ్మ ఒక్కతే దీపం వత్తిని వేలితో తడిమి సరిచేస్తోంది. మునిరాజ తలస్నానం చేసి, సంచిలో నల్లరంగు డబ్బీ, కొత్తగా కొన్న కుంచె పెట్టుకుని వచ్చాడు. ఏం చేయాలో తోచక గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఎవురది? మునిరాజప్పేనా?"

"నేనేమ్మా."

"అద్దానికి కొట్లాడేవాళ్ళు ఈ పొద్దు లేరు. అందరూ ఆడ ఉండారు. మూతికి గుడ్డ కట్టుకో."

ఆమె కొంగు ముడి విప్పి, బొట్టు పెట్టుకునే చిన్న అద్దం తీసింది. రేకు తొడుగు తుప్పు పట్టింది, ఒక మూల పాదరసం రాలిపోయింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని గోడకు ఎదురుగా నిలబడింది.

మునిరాజ కుంచె ముంచాడు. ఇన్నేళ్ళూ ఎలుక పట్టిన చెయ్యి అది. గీత వంకర పోతే వెనక్కి తెచ్చే బొత్తం గోడకు లేదు.

"ఈరమ్మా, ఒక మాట అడగాల. ఇన్నాళ్ళూ ఆయమ్మ సూసిందంటావా?"

"నాకేం తెలుసప్పా. కండ్లు పెట్టినాక నువ్వే అడుగు."

గీశాడు. ముందు కుడి కన్ను, తర్వాత ఎడమది, ఆఖరున నల్లగుడ్లు. మూతికి కట్టిన గుడ్డలోపల అతని ఊపిరి వేడిగా తిరిగింది. పక్కకు జరిగాడు. గంగమ్మ కళ్ళు తెరిచి, ఈరమ్మ చేతిలోని బిళ్ళంత అద్దంలో మొదట తనను తాను చూసుకుంది. సరిగ్గా అప్పుడే ఎదురుగా పట్టుబట్ట చినిగింది. జనం హోరెత్తారు. ఊరంతా ఫోన్లు పైకెత్తి, చేతులు జోడించి, నల్లటి గుండ్రానికి మొక్కింది. కొందరు చెంపలేసుకున్నారు. ఒకరు బోర్డు కింద కొబ్బరికాయ కొట్టారు.

ఈరమ్మ అద్దం దించింది. ఇన్నేళ్ళ తర్వాత గంగమ్మ తన ఊరిని చూసింది. ఆమెకు కనిపించినవి వీపులు.

తనను తాను ఫోటో తీసుకోవడానికి ఇటు తిరిగిన ఒకాయనకు మాత్రం గోడ మీది కళ్ళు కనిపించాయి. ఆయన బాధ్యత గల పౌరుడు గనక వెంటనే కమిటీకి చెప్పాడు. చెంగయ్యగారి నుంచి మునిరాజకు ఫోను వచ్చింది.

"మునిరాజగారూ, గోడ మీద అమ్మవారు అధికారిక గుర్తుతో సరిపోలడం లేదట. కళ్ళు వచ్చాయంటున్నారు. ఏమైనా సరిచేయగలరా?"

"గోడ సార్," అన్నాడు మునిరాజ మూతి గుడ్డ విప్పుతూ. "ఇది వేరే సాఫ్ట్‌వేరులో తెరుచుకోదు."

ఈరమ్మ గోడకు బెత్తెడు దూరం దాకా ముఖం తీసుకుపోయి, పొరల వెనక నుంచి చాలాసేపు చూసింది.

"కుడి కన్ను రవంత పెద్దదైనట్టుండాది."

"నీకు కనపడతాందామ్మా?"

"యాడ కనపడతాది? అనుమానం. ఆపరేషనయినంక వచ్చి సూస్తా. తప్పుంటే నిన్ను ఇడిసిపెట్టను." కొంగుతో అద్దం తుడిచి ముడి వేసుకుంది. "నా కొడుక్కి సెప్పప్పా, రేపు ఆటో తెమ్మని. నీ ఆకువక్క బాకీ తీరింది, పో."

మునిరాజ బాకీ అలా తీరింది. మీరు కూడా ఆ మంగళవారం జాతరకు పోయి, బస్సెక్కి, టోకెన్ తీసుకుని, నీళ్ళు తాగి, అమ్మవారి దర్శనం బాగా జరిగిందని ఇంటికి వచ్చి చెప్పి ఉంటే, అది నిజమే. ఆమె మిమ్మల్ని చూసింది.